బ్రేకు మీద చెయ్యి

వాల్పరైసో కొండవాలు మీద రెండు చెక్క పెట్టెలు.
ఒకటి ఎక్కితే ఒకటి దిగుతుంది. వాటి మధ్య తీగ.
పైన యంత్రాల గదిలో నేను, ఎవారిస్తో,
ఇరవై మూడేళ్లుగా ఒకే బ్రేకు పట్టుకున్న చెయ్యిని.

గదిలో మరుగుదొడ్డి లేదు.
ఉన్నదొక్కటీ కింద, చేపల బజారు పక్కన.
నూట అరవై రెండు మెట్లు.
మునుపు ఇద్దరం ఉండేవాళ్లం. ఓస్వాల్డో మానేశాక
ఆ కుర్చీలో ఎవరినీ వెయ్యలేదు.
అప్పటినుంచి నా ఉద్యోగంలో సగం
ఉగ్గబట్టుకోవడమే.

మొదట గంటకోసారి. తర్వాత ఇరవై నిమిషాలకి.
రాత్రి ఆరుసార్లు లేస్తే
ఫ్రెసియా ఆరుసార్లూ నిద్ర నటించేది.
అంత పరుగూ పెట్టి వెళితే, వచ్చేది చెంచాడు.
తిరిగొచ్చి కూర్చుంటే
కూర్చున్న చోట ఎవరో కాల్చిన రాయి పెట్టినట్టు.

మూడు విడతల మాత్రలు మింగాను.
పరీక్షలన్నీ శుభ్రం. "ఏమీ లేదు" అన్నారు.
ఏమీ లేనిది ఇంత నొప్పి పెడుతుందా?

సారాకొట్లో బెల్తాసర్ చొక్కా విప్పి
గుండె కోసిన మచ్చ చూపిస్తాడు, అందరం తడిమి చూస్తాం.
మోకాలి గురించి గంటసేపు మాట్లాడుకుంటాం.
నాది మాత్రం పేరు లేని చోటు.
"అక్కడ" అంటే, ఎక్కడ? అని ఎవరూ అడగరు.

నయారెత్ అడిగింది.
నా చిన్నకూతురి ఈడు పిల్ల. చేతిలో కటి ఎముకల బొమ్మ.
"ఇదిగో, ముందు ఎముక నుంచి వెన్ను తోక దాకా
ఇక్కడో వల కట్టి ఉంటుంది.
మీది వల కాదు, ఎండి బిగిసిన తోలు."

బిగించే కసరత్తులు చేస్తున్నానని చెప్పాను, గొప్పగా.
రోజుకి మూడొందలు.
ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.
"ఇవాళ్టితో మానేయండి.
బ్రేకు పడి ఉన్న బండికి ఇంకో బ్రేకా?"

తొడుగు వేసుకునే ముందు అడిగింది.
"ఆపమంటే ఆపేస్తాను" అని రెండుసార్లు చెప్పింది.
నేను పైకప్పు మీద తడి మరక చూస్తూ పడుకున్నాను.
మరక గుర్రంలా ఉంది. కాదు, కెటిల్‌లా.
వేలు ఒకచోట ఆగింది.

అదే.
అదే ఆ రాయి.
శనగగింజంత కండముడి
ఐదేళ్లుగా నన్ను నిద్ర లేపుతున్నది.

"ఊపిరిని కిందికి పంపండి" అంది.
ఊపిరికి కింద అనేదొకటుందని నాకు తెలీదు.
ఇన్నాళ్లూ మెడ దగ్గరే పీల్చి మెడ దగ్గరే వదిలాను.
ఏడవలేదు. కళ్లు కారాయి, అంతే.

ఇంటికి పని ఇచ్చింది.
ఎప్పుడు, ఎంత, నోటుపుస్తకంలో రాయాలి.
వంటింటి కొలపాత్ర నాదయిపోయింది,
ఫ్రెసియా ఏమీ అనకుండా ఇంకోటి కొనుక్కుంది.
రాత్రిళ్లు నేలమీద వెల్లకిలా పడి
పసివాడిలా పాదాలు పట్టుకుంటే
కుక్క వచ్చి మొహం నాకుతుంది.
పిలుపు రాగానే పరిగెత్తకూడదట.
మడమలు ఎత్తి దించుతూ, ఐదు నిమిషాలు, ఊరికే నిలబడాలట.

ఇప్పుడు రాత్రి రెండుసార్లే.
దక్షిణం గాలి కొట్టే రోజుల్లో రాయి మళ్లీ వస్తుంది.
రెండో కుర్చీలో మనిషిని వెయ్యమని
ఆమె సంతకం చేసిన కాగితం ఆఫీసులో ఇచ్చాను.
జవాబు లేదు.

ఇవాళ పెట్టె సగం దారిలో ఉండగా పిలుపొచ్చింది.
లోపల ఓ ముసలమ్మ, ఉల్లిపాయల సంచి.
చెయ్యి బ్రేకు మీద గట్టిగానే ఉంచాను,
కిందది వదిలాను.
రెండూ ఒకటి కావని ఒంటికి నేర్పుతున్నాను,
మొండిది, రోజూ మర్చిపోతుంది.

"ఇవాళ నత్తలా నడిపావు" అని సణుగుతూ దిగిందామె.
అవునన్నాను.
ఇప్పుడే వస్తానని అట్ట తగిలించి
మెట్లు దిగాను, పరిగెత్తకుండా.
నూట నలభై దగ్గరో ఎక్కడో
లెక్క తప్పాను.